వైఫల్యం పేపరు తప్పిన సువర్చల

లంకసీమ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు ఆచార్య పరాంకుశంగారు ఒక చలిదేశం వెళ్లి వచ్చారు. వెళ్లేటప్పుడు చేతిలో ఉపన్యాసం పట్టుకెళ్లారు. వచ్చేటప్పుడు నెత్తిన ఉన్ని టోపీ, సంచిలో ఒప్పంద పత్రం తెచ్చారు. ఆ దేశం పేరు ఎలా పలకాలన్న విషయంలో ఆయనకీ రిజిస్ట్రారుకీ అభిప్రాయభేదం ఉండటంచేత, ఫైళ్లన్నిటిలోనూ దాన్ని ‘భాగస్వామ్య దేశం’ అని రాసి గొడవ తీర్చేశారు.

రెండు విశ్వవిద్యాలయాలూ, వాటి చుట్టూ ఉన్న రెండు ప్రాంతాలూ చేతులు కలిపి పిల్లలకి వ్యాపారం పెట్టే ధైర్యం నేర్పాలన్నది ఆ ఒప్పందం. ఇందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మధ్యలో ఎక్కడో దూరిన ఒక్క వాక్యంతో వచ్చింది. ‘వైఫల్యాన్ని గౌరవించే సంస్కృతిని ఉభయ ప్రాంతాలూ పెంపొందించుకోవాలి.’ ఆ వాక్యం అక్కడి ప్రొఫెసర్ టోర్‌బెన్ అనే పెద్దమనిషిది. “మా ఊళ్లో వ్యాపారం పెట్టి దెబ్బతిన్న కుర్రాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏం తెలిసిందయ్యా అని అడుగుతారు,” అని ఆయన భోజనాల దగ్గర వివరించాడు. పరాంకుశంగారు ఆ మాటకి కరిగిపోయారు. అప్పటికి ఆయన సూపు తాగుతూ ఉన్నారు కాబట్టి మాటలో మొదటి సగమే గట్టిగా పట్టుకోగలిగారు.

తిరిగొచ్చిన వారంలోనే అకడమిక్ సెనేట్ పిలిచారు.

“ఇన్నాళ్లూ మనం విజయం వెంటపడ్డాం. అందుకే ఇలా ఉన్నాం,” అన్నారు, టోపీ తియ్యకుండానే. “భాగస్వామ్య దేశం వైఫల్యాన్ని నెత్తిన పెట్టుకుంది. తత్ఫలితంగా అక్కడ రోడ్లు చూడండి, రైళ్లు చూడండి. మన ప్రాంతంలో వైఫల్యం లేక కాదు. దానికి గౌరవప్రదమైన స్థానం కల్పించకపోవడమే మన వైఫల్యం.”

సభ బల్లలు చరిచింది. చరవనిది ఒక్క పరీక్షల కంట్రోలరు శేషావతారంగారే. ఆయన మీటింగుల్లో ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. ఇప్పుడూ అదే అడిగారు.

“గౌరవించడానికి నాకేం అభ్యంతరం లేదండి. ఎన్ని మార్కులకి?”

ఆ ప్రశ్నతో గాల్లో తేలుతున్న ఆశయం ఒక్కసారిగా నేలమీదికి దిగింది. లంకసీమలో ఏదైనా ఉందీ అనాలంటే దానికి మార్కులుండాలి. పరిశుభ్రతకి రెండు క్రెడిట్లున్నాయి, దేశభక్తికి మూడున్నాయి, మానవ విలువలకి ఇంటర్నల్సున్నాయి. మరి వైఫల్యం చేసుకున్న పాపమేమిటి? సాయంత్రం టీ వచ్చేసరికి ‘వ్యాపార వైఫల్యం (ప్రాక్టికల్)’ అనే పేపరు తయారైంది. ఎంబీఏ ఆఖరి సెమిస్టరుకి తప్పనిసరి. ఇంటర్నల్సు కాక వంద మార్కులు, నలభై వస్తే పాసు. ప్రతి విద్యార్థీ ఒక వ్యాపారం పెట్టాలి. సెమిస్టరు లోపల అది మునగాలి. కాస్త మునిగితే సెకండ్ క్లాసు, పీకలదాకా మునిగితే ఫస్ట్ క్లాసు, ఆనవాలు లేకుండా మునిగితే డిస్టింక్షను. మునిగిందో లేదో చూడటానికి బయటి నుంచి ఎగ్జామినరు వస్తాడు.

“కావాలని ముంచేస్తేనో?” అని ఎవరో అడిగారు.

శేషావతారంగారు కళ్లజోడు సవరించుకున్నారు. “అది కాపీ కొట్టడంతో సమానమండి. మాల్‌ప్రాక్టీస్. మూడేళ్లు డిబార్. వైఫల్యం చిత్తశుద్ధితో కూడినదై ఉండవలెను.” ఆ వాక్యాన్నే ఆఖరి నిబంధనగా చేర్చారు. సువర్చల పీకలమీదికి వచ్చింది ఆ నిబంధనే.

పిప్పళ్ల సువర్చల ఆ ఏడు ఎంబీఏ ఆఖరి సెమిస్టరులో ఉంది. ఆ పిల్లని చిన్నప్పటి నుంచీ మేనత్త చంద్రకాంతమే పెంచింది. కాలవగట్టు వీధిలో ఇద్దరికీ ఒక పెంకుటిల్లు, దానికో అరుగు ఉన్నాయి. సువర్చల అప్పటికే జిల్లా సహకార బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగానికి ఎంపికైంది. జులైలో డిగ్రీ పట్టా చూపించి చేరాలి. పట్టా లేకపోతే ఉద్యోగం ఆ తర్వాతి వాళ్లకి పోతుంది. అంతదాకా బళ్లోగానీ కాలేజీలోగానీ ఆ పిల్ల ఏ పేపరూ తప్పింది లేదు.

“అదేనమ్మా నా భయం,” అన్నాడు మేడిశెట్టి వీర్రాజు. ఆయన కాంట్రాక్టు లెక్చరరు. ఈ కొత్త పేపరుకి ఆయన్ని కోఆర్డినేటరుగా వేశారు. పాస్ పర్సెంటేజీ తగ్గితే వచ్చే ఏడాది కాంట్రాక్టు పొడిగించరు. “నీకు ఫెయిలవడం అలవాటు లేదు. ముందునుంచీ జాగ్రత్తగా ఉండాలి. మిగతా పిల్లలు చూడు, ఎంత తెలివిగా ఎంచుకున్నారో.”

నిజంగానే తెలివిగా ఎంచుకున్నారు. ఒకడు వేసవిలో స్వెట్టర్ల దుకాణం పెట్టాడు. ఒకమ్మాయి ఇంటింటి పెరట్లోనూ కొబ్బరిచెట్లున్న లంకలోకి వెళ్లి కొబ్బరికాయల కొట్టు తెరిచింది. ఇంకొకడు గోడగడియారాలు గంటల లెక్కన అద్దెకిస్తానని బోర్డు కట్టాడు. వీళ్లందరి భవిష్యత్తుకీ ఢోకా లేదని వీర్రాజు ధీమాగా ఉన్నాడు.

సువర్చలకి మాత్రం ఏ వ్యాపారం ఆలోచించినా ఎక్కడో ఒకచోట సాగేలా కనిపించేది. ఆ బెంగతో కూర్చుని ఉండగా వంటింట్లోంచి చంద్రకాంతం నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

“నా మతి మండా! రాత్రి పెసలు నానబెట్టడం మర్చిపోయానే! అట్టు పోత్తానని పక్కింటి పిల్లలకి కూడా చెప్పేశాను.”

సువర్చల లేచి నిలబడింది. నానబెట్టిన పప్పు! దాన్ని డబ్బిచ్చి కొనే మనిషి భూమ్మీద ఉంటాడా? పప్పులో నీళ్లు పొయ్యడం చేతకానిది ఎవరికి? వీర్రాజుకి చెబితే ఆయన ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచాడు.

“అద్భుతమమ్మా! ఎండుపప్పయితే ఏడాది నిలవుంటుంది. నానిందైతే సాయంత్రానికల్లా వాసనొస్తుంది. అమ్ముడుపోదు, దాచలేవు, పారబొయ్యాల్సిందే. ఆనవాలు కూడా మిగలదు. నీకు డిస్టింక్షను రాసిపెట్టి ఉంది.”

అరుగు మీద నాలుగు గిన్నెలు పెట్టారు. ఒకదాంట్లో పెసలు, ఒకదాంట్లో మినప్పప్పు, ఒకదాంట్లో శనగలు, ఇంకోదాంట్లో గారెలకి బొబ్బర్లు. పైన అట్టముక్క మీద ‘నానబెట్టిన పప్పు అమ్మబడును’ అని రాసి కట్టారు. దారిన పోయేవాళ్లు చదివి నవ్వుకున్నారు. సువర్చలకి ప్రాణం హాయిగా ఉంది.

అలా ఓ గంట గడిచిందో లేదో, ఎదురింటి వరహాలమ్మ కొంగు బిగించుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

“చంద్రకాంతం వదినా, మా ఆడపడుచు చెప్పాపెట్టకుండా దిగింది. పెసరట్టు లేకపోతే ముద్ద దిగదంట మహాతల్లికి. రాత్రి ఎవరు కలగన్నారు చెప్పు! రెండు గ్లాసులు పొయ్యి, నీకు పుణ్యముంటది.”

ఆ వెనకాల ఇంకొకావిడ, ఆవిడ వెనకాల గిన్నె పట్టుకుని మొగుడు. మనుషుల్లో రాత్రి పప్పు నానబెట్టుకునేవాళ్లూ, మర్చిపోయేవాళ్లూ అని రెండు జాతులున్నాయనీ, రెండో జాతే పెద్దదనీ వ్యాపార శాస్త్రం అప్పటిదాకా కనిపెట్టలేదు. తొమ్మిదింటికల్లా గిన్నెలు ఖాళీ. సువర్చల ఖాళీ గిన్నెల వంక చూసి గుండెలు బాదుకుంది.

నెల తిరిగేసరికి వీధి మొగదాకా వరస కట్టేవారు. మిగిలిన పెసలు పారబోద్దామంటే అవి మొలకలొచ్చి కూర్చునేవి. కాలవగట్టున పొద్దున్నే నడిచే షుగరు పేషంట్లు ఆ మొలకలు ఎగబడి పట్టుకుపోయేవారు. కొట్లో చంద్రకాంతాన్ని కూర్చోబెడితే ఆవిడ నోటికి భయపడి జనం తగ్గుతారేమోనని సువర్చల ఆశపడింది. ఆవిడ వచ్చినవాళ్లని వచ్చినట్టు దులిపేది. “రాత్రంతా ఏం చేశావే, టీవీలో ఆ ఏడుపులు చూత్తా కూర్చున్నావా? పప్పులో చెంబుడు నీళ్లు పొయ్యడానికి చేతులు పడిపోయినియ్యా?” జనానికి అది మరీ నచ్చింది. అత్తగార్లు చనిపోయిన ఆడవాళ్లైతే, ఇంట్లో ఇలా అడిగేవాళ్లు లేరని కళ్లనీళ్లు పెట్టుకుని ఇంకో గ్లాసు పోయించుకునేవారు.

ఇంటర్నల్ మార్కులు వచ్చాయి. స్వెట్టర్ల కుర్రాడికి ఇరవైకి పందొమ్మిది. సువర్చలకి సున్నా. పక్కనే ఎర్రసిరాతో ‘అభ్యర్థిని వైఫల్యం పట్ల శ్రద్ధ చూపుట లేదు’ అని వ్యాఖ్య.

వీర్రాజు తల ప్రాణం తోకకొచ్చింది. “అమ్మా, కావాలని మూసెయ్యకూడదు. మాల్‌ప్రాక్టీస్ అవుతుంది. కానీ చిత్తశుద్ధితో తప్పుడు నిర్ణయాలు తీసుకోవచ్చు. రూల్లో ఉంది. ధర పెంచి చూడు.”

ధర పెంచింది. ఇది మంచి సరుకు కాబోలనుకుని పక్క పేటల నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. ఒకరోజు విసుగెత్తి పొద్దున్న కొట్టు తెరవలేదు. తలుపులు బాదేశారు. ఆ గొడవ విని విశ్వవిద్యాలయం పరీక్షల స్క్వాడు జీపేసుకుని దిగింది. కొట్టు ఎందుకు తెరవలేదని నిలదీసి, దురుద్దేశపూర్వక వైఫల్యానికి పాల్పడుతున్నట్టు అనుమానం కలుగుతోందని రాసుకుని, పోతూ పోతూ తలో గ్లాసు మినప్పప్పు పట్టుకుపోయారు.

అసలు చిక్కు మరొకటి వచ్చిపడింది. సువర్చలకి ఆ కొట్టు మీద ప్రేమ పుట్టింది. తెల్లవారకముందే లేచి, పప్పు వార్చి, తడిగుడ్డ కప్పి, ఫలానా ఇంట్లో ఇవాళ గారెలు, ఫలానా ఇంట్లో గుగ్గిళ్లు అని తలుచుకుంటుంటే ఆ పిల్లకి ఎక్కడలేని హుషారూ వచ్చేది. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులని మంచంలో మూలిగే మేనత్త, ఇప్పుడు తనకంటే ముందే లేచి అరుగు కడుగుతోంది. ఈ కొట్టు మునిగితేనే తనకి పట్టా. మునగాలని రోజూ దణ్ణం పెట్టుకోవాలి. పెట్టుకోవడానికి చేతులు రావడం లేదు. ఒకరోజు ఆ బాధ పట్టలేక తిన్నగా శేషావతారంగారి గదికే వెళ్లింది.

“సార్, నాకు గ్రేస్ మార్కులైనా వెయ్యండి.”

“గ్రేస్ దగ్గర్లో ఉన్నవాళ్లకమ్మా. నువ్వు వైఫల్యానికి చాలా దూరంలో ఉన్నావు.”

“పోనీ ఆ పేపరు వదిలేసి పట్టా ఇప్పించండి.”

“తప్పనిసరి పేపరు. సప్లిమెంటరీ రాసుకో.”

“సప్లిమెంటరీలో కూడా కొట్టు మునగకపోతే?”

శేషావతారంగారు ఆ పిల్లవంక జాలిగా చూశారు. ఆయన క్రూరుడు కాడు. ముప్పయ్యేళ్లుగా మార్కులు తప్ప మరేదీ చూడలేదు, అంతే. “నిరుత్సాహపడకూడదమ్మా. పట్టుదల ఉంటే మునగని వ్యాపారం లేదు.”

ఇంతలో ఏప్రిల్లో ప్రొఫెసర్ టోర్‌బెన్ ఒప్పందం పురోగతి చూడటానికి స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. విశ్వవిద్యాలయం కాలికి బలపం కట్టుకుంది. ఆడిటోరియంలో ‘ప్రాంతీయ వైఫల్యాల అంతర్జాతీయ ప్రదర్శన’ ఏర్పాటు చేశారు. స్వెట్టర్లు గుట్టలుగా పోశారు. కొబ్బరికాయలు తోరణాలు కట్టారు. గోడలనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ వేలాడాయి. ప్రతి గుట్ట పక్కనా ఒక విద్యార్థి చేతులు కట్టుకుని నిలబడి, తను ఎలా మునిగాడో బట్టీపట్టి అప్పజెప్పాడు.

టోర్‌బెన్ మంచివాడు. చెమటలు కక్కుతూ అందరి మాటా శ్రద్ధగా విన్నాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది. చివరికి పరాంకుశంగారిని పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు.

“వీళ్లందరూ మునగాలనే మొదలుపెట్టారా?”

“నూటికి నూరుపాళ్లు!” అన్నారు పరాంకుశంగారు ఉప్పొంగిపోతూ. “ఒక్క అమ్మాయి తప్ప. వెనకబడిన విద్యార్థిని. ప్రత్యేక శిక్షణ ఇప్పిస్తున్నాం.”

ఆ వెనకబడిన విద్యార్థినిని అతిథి కంట పడనివ్వకూడదని రిజిస్ట్రారు ముందే కట్టుదిట్టం చేశారు. కానీ గెస్ట్ హౌస్‌కి వెళ్లాలంటే కాలవగట్టు వీధి తప్ప దారి లేదు. ఆ వీధిలో జనం గిన్నెలతో అడ్డంగా నిలబడి కారు కదలనివ్వలేదు. టోర్‌బెన్ దిగి వరసలో నిలబడ్డాడు. అరుగు దగ్గరికొచ్చేసరికి చంద్రకాంతం ఆయన్ని ఎగాదిగా చూసింది.

“నువ్వూ మర్చిపోయావా నాయనా? మీ ఆవిడ ఊళ్లో లేదా?”

సువర్చల ఇంగ్లీషులో సంగతంతా చెప్పింది. పప్పు, మర్చిపోయేవాళ్లు, మొలకలు, తన సున్నా మార్కులు. చంద్రకాంతం ఈలోపల లోపలికెళ్లి పెసరట్టు వేసి అల్లప్పచ్చడితో తెచ్చిపెట్టింది. ఆయన అరుగు మీద కూర్చుని, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా ఆపకుండా తిన్నాడు. తిని, పరాంకుశంగారి చెయ్యి పట్టుకున్నాడు.

“నేను చెప్పింది ఇదే. పడినవాణ్ణి చూసి నవ్వొద్దన్నాను. అందర్నీ తొయ్యమనలేదు. ఈ అమ్మాయిలాంటివాళ్లకి విశ్వవిద్యాలయం సాయం చెయ్యాలి.”

పరాంకుశంగారికి ఇందులో మొదటి మూడు వాక్యాలూ జనం గోలలో వినపడలేదు. నాలుగోది స్పష్టంగా వినపడింది. ఆ మర్నాడే ఉత్తర్వు వెలువడింది. భాగస్వామ్య దేశం ఆకాంక్ష మేరకు విశ్వవిద్యాలయం సువర్చల వ్యాపారానికి సాయం చేస్తుంది. సాయం ఎలాగంటే, వ్యాపారాన్ని తనే తీసుకుంటుంది.

“తీసుకోవడమేంటండీ?” అని సువర్చల నోరు వెళ్లబెట్టింది. “అది మా అరుగు, మా గిన్నెలు!”

దానికి శేషావతారంగారి దగ్గర సమాధానం ఉంది. “జవాబు పత్రం ఎవరిదమ్మా? రాసింది నువ్వే అయినా విశ్వవిద్యాలయానిది. ప్రాక్టికల్లో పుట్టిన వ్యాపారమూ అంతే. ఫలితాలు వెలువడేదాకా నువ్వు నానబెట్టిన పప్పు అమ్మరాదు.”

అరుగు మీది అట్టముక్క తీసేశారు. గిన్నెలు జీపులో ఎక్కించారు. చంద్రకాంతం జీపు వెంట వీధి మొగదాకా తిట్టుకుంటూ వెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ మోకాళ్లు పట్టుకుని మంచమెక్కింది. సువర్చల ఖాళీ అరుగు మీద కూర్చుని ఏడ్చింది. పట్టా పోతుందని కాదు. పొద్దున్నే ఎదురింటి వరహాలమ్మ వస్తే ఏం చెప్పాలని ఏడ్చింది.

విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ‘నానబెట్టిన పప్పుదినుసుల అంతర్జాతీయ నవకల్పన కేంద్రం’ వెలిసింది. డైరెక్టరు, డిప్యూటీ డైరెక్టరు, సూపరింటెండెంటు, ఇద్దరు క్లర్కులు, గిన్నెల మూతలు తీసేందుకు ఒక అటెండరు. బయోమెట్రిక్ మిషను. గాజు తలుపులు. కేంద్రం చిత్తశుద్ధితో పనిచెయ్యడం మొదలుపెట్టింది.

ఆఫీసు పదిన్నరకి తెరుస్తారు కాబట్టి పప్పు పదిన్నరకి నీళ్లలో పడేది. సాయంత్రం నాలుగున్నరకి నానేది. నాలుగింటికి క్యాష్ కౌంటరు మూసేసేవారు. అందువల్ల అది మర్నాడు పదిన్నరకి అమ్మకానికి వచ్చేది. అప్పటికి ఊళ్లో టిఫిన్లు తిని, అంట్లు తోమి, మధ్యాహ్నం కూరలు తరుగుతూ ఉండేవారు. అయినా ఒకరిద్దరు పాత అభిమానంతో వచ్చారు. గుర్తింపు కార్డు నకలు రెండు కాపీలు అడిగారు. నకలు తెచ్చుకున్నాక, పప్పు నానిందని ధ్రువీకరించే కమిటీ ఇంకా కూర్చోలేదన్నారు. ఆ కమిటీలో బోటనీవారికీ హోమ్ సైన్స్‌వారికీ నానడం అంటే ఏమిటన్న దగ్గరే తేడా వచ్చింది. బోటనీవారు గింజ లోపలికి తేమ చేరితే చాలన్నారు. హోమ్ సైన్స్‌వారు గోటితో గిల్లితే విరగాలన్నారు. గిల్లడానికి ఎవరి గోరు ప్రామాణికమో తేల్చమని ఫైలు పైకి పంపారు.

ఫైలు పైన ఉండగా రెండో శనివారం వచ్చింది. దాని పక్కన ఆదివారం ఉంది. సోమవారం ఏదో పండగ. శుక్రవారం సాయంత్రం నానిన పప్పుకి మూతలు పెట్టి, గాజు తలుపులకి సీలు వేసి అందరూ ఇళ్లకెళ్లారు.

మంగళవారం పదిన్నరకి అటెండరు మూత తీశాడు. ఆ తర్వాత జరిగిందానికి సాక్షులు తక్కువ. ఎందుకంటే అందరూ పరుగెత్తారు. పక్కనే ఉన్న పరిపాలనా భవనం ఖాళీ అయింది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు వాళ్లు, ఇది తమ పనేనని కంగారుపడి వాళ్ల ల్యాబు మూసేసుకున్నారు. పరాంకుశంగారు ఉన్ని టోపీని ముక్కుకి అడ్డం పెట్టుకుని గేటు బయట నిలబడ్డారు. చలిదేశం సంగతేమోగానీ మన దేశంలో ఆ టోపీ పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

గిన్నెలతో సహా పూడ్చిపెట్టారు. కేంద్రం మూతపడింది. మూసివేత ఫైలు పద్ధతి ప్రకారం పరీక్షల కంట్రోలరు బల్ల మీదికి వచ్చింది. శేషావతారంగారు దాన్ని ఆసాంతం చదివారు. వ్యాపారం సంపూర్ణంగా నశించింది. ఆనవాలు లేదు. ఎక్కడా దురుద్దేశం లేదు. అందరూ నియమాల ప్రకారం, పూర్తి చిత్తశుద్ధితో వ్యవహరించారు. అంత స్వచ్ఛమైన వైఫల్యాన్ని ఆయన సర్వీసులో చూడలేదు. ఆ వ్యాపారం ప్రాక్టికల్లో ఎవరి పేరు మీద ఉందో చూసి, ఆ పేరు పక్కన తొంభై ఎనిమిది వేశారు. వంద వెయ్యడానికి చెయ్యి రాలేదు. అది అలవాటు లేదు.

వీర్రాజు మార్కుల జాబితా పట్టుకుని పరుగున కాలవగట్టు వీధికి వచ్చాడు.

“అమ్మా, గోల్డ్ మెడల్! యూనివర్సిటీ ఫస్టు! నా కాంట్రాక్టు కూడా పొడిగించారమ్మా!” ఆయన కళ్లు చెమర్చాయి. సువర్చల ఆ కాంట్రాక్టు మాటకి మాత్రం మనస్ఫూర్తిగా సంతోషించింది.

స్నాతకోత్సవం ఘనంగా జరిగింది. ఒప్పందం రెండో విడతకి భాగస్వామ్య దేశం ఇంకా జవాబివ్వలేదనీ, అది వారి ఆలోచనాత్మక మౌనమనీ పరాంకుశంగారు ప్రకటించారు. తర్వాత సువర్చలని వేదిక మీదికి పిలిచి, మెడలో పతకం వేసి, తండ్రి ఆప్యాయతతో మైకు అందించారు.

“తల్లీ, సెమిస్టరు మొదట్లో నువ్వు సున్నాలో ఉన్నావు. ఇవాళ ఈ స్థాయికి చేరావు. ఈ ఘనత వెనక ఎవరున్నారో నీ తోటి విద్యార్థులకి చెప్పు.”

సువర్చల మైకు అందుకుని నిజమే చెప్పింది.

“నా గొప్పేం లేదండి. నేను ఎంత కష్టపడినా కొట్టు మునగలేదండి. మునిగిందంటే అంతా విశ్వవిద్యాలయం దయేనండి. మీరు చెయ్యి వెయ్యకపోతే అయ్యేది కాదండి.”

ఆడిటోరియం చప్పట్లతో దద్దరిల్లింది. పరాంకుశంగారు వినయంగా చేతులు జోడించారు. శేషావతారంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఇంటికొచ్చేసరికి చంద్రకాంతం అరుగు మీద కూర్చుని ఉంది.

“బ్యాంకులో ఎప్పుడు చేరాలే?” అంది.

“సోమవారం. నేను చేరట్లేదు అత్తా.”

“ఏం, మతిగానీ పోయిందా?”

“అక్కడా పదిన్నరకే తెరుస్తారంట. నాకు ఆ వేళలంటే భయం పట్టుకుంది.” సువర్చల మేనత్త పక్కన కూర్చుంది. “ఫలితాలు వచ్చేశాయి. ఇక మనం అమ్ముకోవచ్చు. కొత్త గిన్నెలు కొనాలి.”

చంద్రకాంతం లేచి లోపలికి వెళ్లి, అటక మీది నుంచి కొత్త గిన్నెలు చప్పుడు చేస్తూ దింపింది. ఎప్పుడు కొందో, ఎందుకు కొందో చెప్పలేదు. దీపాలు పెట్టే వేళకి పెసలు కడిగి, నీళ్లు పోసి, మూత పెట్టింది. పెట్టి చుట్టూ చూసింది.

“ఈ పాడు పిల్లి ఒకటి రోజూ మూత లాగేత్తంది. బరువుకి ఏమన్నా ఉంటే ఇలా ఇయ్యి.”

సువర్చల మెడలోంచి పతకం తీసి ఇచ్చింది.

“బంగారమేనా?” అంది చంద్రకాంతం, చేత్తో తూచి చూస్తూ.

“పూత.”

“పోన్లే, బరువుంది,” అని మూత మీద పెట్టింది. మర్నాటికి పెసలు బాగా నానాయి.